హిరుమా టీచర్ మెత్తని మనిషి కాదు

హిరుమా టీచర్ సంస్మరణ సభలో నలుగురు మాట్లాడారు. నలుగురూ ఆవిడ మెత్తని మనిషి అన్నారు. గొంతు పెంచి ఎరగదన్నారు, పువ్వులంటే ప్రాణమన్నారు, జపాన్ నుంచి వచ్చిన ఈ చిన్నపాటి మనిషి మన పిల్లలకి ఓర్పు నేర్పిందన్నారు. వెనక వరసలో కూర్చుని వింటుంటే నాకు చెవులు వేడెక్కాయి. తొంభై అయిదేళ్ళు బతికిన మనిషిని ఇంత తేలిగ్గా ఇంకెవరిగానో మార్చేస్తారా అనిపించింది. గొంతు పెంచకపోవడం నిజమే, ఆవిడకి ఆ అవసరం రాలేదు. పువ్వుల సంగతి నాకు తెలియదు. ఓర్పు మాత్రం ఆవిడ నాకు నేర్పలేదు. నేర్పింది సుత్తి పట్టుకోవడం, రాయి పగలగొట్టడం, పొమ్మన్నచోట కదలకుండా నిలబడటం. ఆ సభలో నన్ను మాట్లాడమని ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తెలుగులోనే రాస్తున్నాను, ఎందుకంటే ఆవిడ గురించి మా ఇంట్లో జరిగిన గొడవంతా తెలుగులోనే జరిగింది.

మేం మిషిగన్ వచ్చేనాటికి నాకు పదహారేళ్ళు. ఒంగోల్లో పదో తరగతి తెలుగు మీడియంలో పాసై, ఇంటర్ సగంలో వదిలేసి వచ్చాను. నాన్న ఒక కార్ల కంపెనీలో తలుపులు డిజైన్ చేసే ఇంజనీరు. ఎక్కడ ఏ కారు కనిపించినా తలుపు తీసి, వేసి, ఆ చప్పుడు వినడం ఆయనకి అలవాటు. మంచి తలుపు పడితే మంచి పాట విన్నంత తృప్తిగా తలాడించేవాడు. ట్రాయ్‌లో మాది రెండో అంతస్తు అపార్ట్‌మెంట్. ఇప్పటిలాగా అడుగడుగునా తెలుగువాళ్ళు ఉండే రోజులు కావు. ఆ ఇంట్లో నాన్న పెట్టిన నియమాలు చాలా ఉండేవి. అమ్మ తాలింపు వేసే ముందు బెడ్‌రూమ్ తలుపులన్నీ మూసెయ్యాలి. ఆఫీస్‌కి వేసుకెళ్ళే కోటు పాలిథీన్ సంచిలోకి పోవాలి, ఇంగువ వాసన అంటకూడదు. వరండాలో తెలుగు గట్టిగా మాట్లాడకూడదు. బరువైన వస్తువేదీ నేల మీద దభీమని పెట్టకూడదు, కింద ఇంటివాళ్ళు కంప్లయింట్ చేస్తారు. "లో ప్రొఫైల్" అన్న ఇంగ్లీషు మాట నేను మొదట విన్నది నాన్న నోటే. అన్నం తిన్నావా అన్నంత మామూలుగా అనేవాడు ఆ మాటని.

అమ్మకి మాత్రం వీటన్నిటికంటే పెద్ద బాధ పచ్చడి. ఒంగోలు నుంచి ఇనపపెట్టెలో బట్టల మధ్య దాచి తెచ్చిన మిక్సీ ఇక్కడి కరెంటుకి తిరగలేదు, రెండుసార్లు మూలిగి ఊరుకుంది. ఇక్కడ కొన్న బ్లెండర్‌లో వేస్తే దోసకాయ పచ్చడి జావయ్యేది. గరిటెజారుగా ఉన్న ఆ పచ్చడిని కంచంలో వేస్తూ అమ్మ రోజూ ఒకే మాట అనేది. "రోట్లో నూరితే కదా పచ్చడి. ఇది పచ్చడి కాదు, పచ్చడికి జ్వరం వచ్చినట్టుంది." నాన్న నవ్వేవాడు కాదు. విమానంలో రోలు ఎవరు తెస్తారు కాంతం, తెచ్చినా ఇక్కడ నూరితే కింద వాళ్ళు పోలీసుల్ని పిలుస్తారు అనేవాడు.

స్కూల్లో నా ఇంగ్లీషు చూసి కౌన్సెలర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. చరిత్ర క్లాసులో పెడితే మునిగిపోతుంది, మాట్లాడే పని లేని క్లాసేదో చూద్దామని, శిల్పం క్లాసులో వేసింది. ఆ గది స్కూలు వెనక, కార్లు రిపేరు చేయడం నేర్పే షెడ్డు పక్కన ఉండేది. తలుపు తియ్యగానే తడిమట్టి వాసన, రాతిపొడి వాసన, పక్క షెడ్డులోంచి మెషిన్ ఆయిల్ వాసన, వీటన్నిటి మీదా టీచర్ ఫ్లాస్కులోని ఆకుపచ్చ టీ వాసన. అయిదడుగులు కూడా లేని మనిషి. జుట్టు మగవాళ్ళలా కత్తిరించుకునేవారు. మోకాళ్ళ దాకా గుడ్డ ఏప్రన్, పురుషుల బూట్లు. మొదటి రోజు మా ఒక్కొక్కళ్ళ ముందు తెల్లటి సున్నపురాయి ముక్క ఒకటి, సుత్తి ఒకటి పెట్టి, "పగలగొట్టండి" అన్నారు. అందరూ నవ్వారు. ఒకమ్మాయి ఏ షేపులో అని అడిగింది. "షేపు లేదు. రాయి విరిగితే ఏమవుతుందో చూస్తే భయం పోతుంది. భయం ఉన్న చెయ్యి చెక్కలేదు." ఆ మాటలు నాకు అన్నీ అర్థమయ్యాయి. ఆవిడ ఇంగ్లీషు ముక్కలుముక్కలుగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, నాకు అందేంత నెమ్మదిగా ఉండేది. తర్వాత ఒకసారి ఆవిడే అన్నారు, "నీ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు కలిపితే ఒక మనిషికి సరిపోతుంది" అని.

లంచ్ టైములో నేను కెఫెటేరియాకి వెళ్ళేదాన్ని కాదు. డబ్బా మూత తీస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళు. ఆ సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో గాని, ఒక మధ్యాహ్నం గది తాళం నా చేతికిచ్చి, ఇక్కడ తిను అన్నారు. ఆవిడ డబ్బాలో రోజూ తెల్లటి అన్నం, మధ్యలో ఉప్పులో ఊరబెట్టిన ఎర్రటి పండొకటి. నా డబ్బాలో అన్నం, ఆవకాయ ముక్క. వారం రోజులు ఎవరి డబ్బా వాళ్ళు తిన్నాక, ఆవిడ చాప్‌స్టిక్‌తో ఆ పండు తీసి నా అన్నంలో పెట్టి, నా ఆవకాయ ముక్క తన అన్నంలోకి లాక్కున్నారు. నాకు పులుపుకి కళ్ళు మూతలు పడ్డాయి. ఆవిడకి కారానికి నీళ్ళు కారాయి. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని మొత్తం తినేశాం.

ఆవిడ కథ నాకు తెలిసింది ఆ మధ్యాహ్నాల్లోనే, ముక్కలుముక్కలుగా. జపాన్‌లో ఒక చిన్న దీవి, అక్కడ రాయి కొట్టే ఇల్లు. తండ్రి సమాధిరాళ్ళు చెక్కేవాడు. ముగ్గురూ ఆడపిల్లలే, ఈవిడ నడిమిది. యుద్ధం ముదిరినప్పుడు ఊళ్ళో పనివాళ్ళందరినీ సైన్యంలోకి తీసుకుపోయారు. చెక్కాల్సిన పేర్లు పెరిగాయి, చెక్కే చేతులు తగ్గాయి. ఆడపిల్ల ఉలి ముట్టుకోకూడదన్న తండ్రే ఉలి తెచ్చి చేతిలో పెట్టాడు. "నేను మొదట చెక్కిన అక్షరాలు మా ఊరి కుర్రాళ్ళ పేర్లు" అన్నారావిడ, టీ కప్పులో పోసుకుంటూ. "వాళ్ళలో ఇద్దరు స్కూల్లో నా జడ లాగినవాళ్ళు." యుద్ధం అయిపోయాక ఉలి తిరిగి ఇచ్చెయ్యమన్నాడట తండ్రి. ఇవ్వలేదు. టోక్యోలో ఆర్ట్ కాలేజీకి వెళితే అక్కడి ప్రొఫెసర్ ఈవిడ మణికట్లు చూసి, మట్టి పనికైతే చేర్చుకుంటాం, రాయికి కుదరదు అన్నాడు. రెండేళ్ళు వరసగా అదే మాట. మూడో ఏడు ఇంటర్వ్యూకి భుజాన ఒక రాయి పెట్టుకుని వెళ్ళి, ఆయన కాగితాల మీద దించి, "మా ఊరి నుంచి రైల్లో, పడవలో మోసుకొచ్చాను. ఇప్పుడు చూడండి మణికట్లు" అన్నారట. చేర్చుకున్నారు.

తర్వాత తనని అమెరికాకి పిలిచిన పెద్ద శిల్పి దగ్గర మూడేళ్ళు పనిచేశారు. ఆయన చేతులు వణికే దశలో ఉన్నాడు. రాళ్ళన్నీ ఈవిడ చెక్కడం, కింద సంతకం ఆయన పెట్టుకోవడం. ఒకసారి విందులో ఎవరో మీ అసిస్టెంట్ ఏం చేస్తుందని అడిగితే, టీ బాగా పెడుతుంది అన్నాడట. మర్నాడు పొద్దున ఆవిడ సగం చెక్కిన పెద్ద రాయిని అలాగే వదిలేసి, మిగతా సగం మీరు చెక్కుకోండి అని చెప్పి వచ్చేశారు. ఆ రాయి ఎప్పటికీ పూర్తి కాలేదు. గ్యాలరీలవాళ్ళేమో జపాన్ ఆడమనిషి అనగానే చిన్నచిన్న అందమైన బొమ్మలడిగేవారు. ఆవిడవేమో మనుషులు లోపలికి దూరి వెళ్ళేంత పెద్ద రాళ్ళు, పిల్లలు ఎక్కి తొక్కేలా చేసినవి. అందుకని స్కూల్లో టీచరుగా చేరి, తన రాళ్ళు తను ఇంటి గరాజ్‌లో చెక్కుకున్నారు. దీని గురించి ఆవిడ ఎన్నడూ విచారంగా మాట్లాడలేదు. "వాళ్ళు ఒక గది ఇవ్వనన్నారు. నేను ఏడాదికి నూరుమంది పిల్లలకి సుత్తులిచ్చాను" అనేవారు.

రోలు చెక్కుతానని నేను అన్నది ఆ శరత్కాలంలోనే. కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. ఆవిడ చాలాసేపు చూశారు. "మా ఊళ్ళోనూ ఉండేది, బియ్యం దంచేది. ఇది చిన్నది. ఎవరికి?" అని అడిగారు. మా అమ్మకి అన్నాను. సున్నపురాయి తిండిలో కలుస్తుంది, పనికిరాదని, రాళ్ళ యార్డుకెళ్ళి గట్టి గ్రానైటు ముక్క తన ట్రక్‌లో వేసుకొచ్చారు. చలికాలం మొత్తం ఆ ముక్కతోనే గడిచింది. అరచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ అడిగితే బాస్కెట్‌బాల్ అని చెప్పాను. బాస్కెట్‌బాల్ అంటే ఏంటో అమ్మకి తెలియకపోవడం కలిసొచ్చింది.

ఆ ఏడు మా చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో వరసగా మనుషుల్ని తీసేస్తున్నారు. తప్పంతా జపాన్ కార్లదని గ్యాస్ స్టేషన్‌లో, బార్బర్ షాపులో, చర్చి మెట్ల మీద అదే మాట. స్కూల్లో పిల్లలు ఇంట్లో విన్న మాటలు మోసుకొచ్చేవాళ్ళు. చిత్రం ఏమిటంటే హిరుమా టీచర్ నడిపేది ఇక్కడే తయారైన పాత ట్రక్. ఒక సోమవారం మధ్యాహ్నం క్లాసు అయ్యేసరికి దాని తలుపు మీద ఎర్ర పెయింటుతో, అడుగు ఎత్తు అక్షరాలతో, "గో హోమ్" అని ఉంది. ప్రిన్సిపల్ పరిగెత్తుకుంటూ మా గదికి వచ్చాడు.

"మిస్ హిరుమా, కడిగించేస్తాను. పిల్లలు చూస్తే బాగుండదు."

"ఎవరికి బాగుండదు?"

"అందరికీ. మీకు కూడా."

"నాకు బాగానే ఉంది. స్పెల్లింగ్ కూడా సరిగ్గా రాశారు" అన్నారావిడ, చేతిలో ఉలి కింద పెట్టకుండానే. "రాసినవాళ్ళు దాన్ని రోజూ చూడాలి. నేను కడగను. మీరు కడగడానికి వీల్లేదు. ట్రక్ నాది."

మర్నాడు అదే ట్రక్‌లో వచ్చారు. ఆ మర్నాడూ. ప్రిన్సిపల్ ఆఫీసు కిటికీకి ఎదురుగా, ఆ తలుపు అటువైపు ఉండేలా పార్క్ చేసేవారు. కిరాణా కొట్టుకి దాంట్లోనే, బ్యాంకుకి దాంట్లోనే. రోడ్ల మీద చల్లే ఉప్పుకి, మంచుకి పెయింటు అంచులు కాస్త లేచాయి గాని అక్షరాలు పోలేదు.

ఒకరోజు నన్ను పికప్ చేసుకోడానికి వచ్చిన నాన్న ఆ ట్రక్‌ని చూశాడు. ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా, "రేపే ఆ క్లాస్ డ్రాప్ చెయ్యి" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"ఎందుకేంటి? మా ప్లాంట్‌లో మనుషులు ఎలా ఉన్నారో తెలుసా నీకు? వాళ్ళ కంటికి జపాన్ అయినా ఇండియా అయినా ఒకటే. మన గ్రీన్ కార్డ్ ఇంకా చేతికి రాలేదు. తల వంచుకుని ఉండాల్సిన టైమ్. ఆవిడకి ఒంటరి ప్రాణం, ఎన్నయినా చేస్తుంది. ఫారం తీసుకురా, సంతకం పెడతాను."

అమ్మ బీన్స్ తుంచుతూ తలెత్తలేదు. నేను ఫారం తెచ్చాను గాని పుస్తకాల సంచిలోంచి బయటికి తియ్యలేదు. నాన్న రోజూ అడిగేవాడు, రోజూ మర్చిపోయానని చెప్పేదాన్ని. నాలుగో రోజు అబద్ధం చెప్పలేక టీచర్‌కి చెప్పేశాను. మా నాన్న పిరికివాడు అన్నాను. ఆవిడ ముఖం గట్టిపడింది.

"ఆ మాట వెనక్కి తీసుకో. భయపడటం తప్పు కాదు. నేను రోజూ భయపడుతూనే ఆ ట్రక్ ఎక్కుతున్నాను. భయం చెప్పిన చోట సంతకం పెట్టడమే తప్పు. మీ ఇల్లు ఎక్కడ?"

శనివారం పొద్దున పదింటికి ఆవిడ వచ్చారు. ఆ ట్రక్‌ని సరిగ్గా మా కిటికీ కింద, ఎర్ర అక్షరాలు బిల్డింగ్ వైపు కనిపించేలా ఆపారు. నాన్న కర్టెన్ సందులోంచి చూసి గిలగిల్లాడిపోయాడు. "అక్కడెందుకు పెట్టింది? ఆ చెత్త డంప్‌స్టర్ వెనక పెట్టమను! అనూ, వెళ్ళి చెప్పు!" అనేలోపే తలుపు కొట్టారు. అమ్మ ఉప్మా పెట్టింది, స్టీలు గ్లాసులో కాఫీ ఇచ్చింది. హిరుమా టీచర్ ఉప్మాలో కరివేపాకు కూడా వదలకుండా తిని, గ్లాసు కింద పెట్టి, నాన్నని అడిగారు.

"మీరు ఏం పని చేస్తారు?"

"కార్ డోర్స్. డిజైన్ చేస్తాను" అన్నాడు నాన్న పొడిగా.

"నా ట్రక్ తలుపు సరిగ్గా పడదు. రెండుసార్లు కొట్టాలి. ఎందుకో చూస్తారా?"

నాన్న ముఖం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. వద్దు అనడానికి నోరు తెరిచాడు. కాని తలుపు సరిగ్గా పడదు అన్న మాట ఆయన చెవిలో పడింది, ఇక మరలడం ఆయన వల్ల కాలేదు. "ఏ సైడ్?" అన్నాడు. "డ్రైవర్ సైడ్" అన్నారావిడ. ఆ ఎర్ర అక్షరాలు ఉన్న తలుపే.

టూల్‌బాక్స్ పట్టుకుని కిందికి వెళ్ళాడు. మొదట అటూఇటూ చూశాడు. తలుపు తీసి, వేసి, చెవి పెట్టి విన్నాడు. మళ్ళీ తీశాడు. కీలు కుంగిపోయింది, పై బోల్టు అరిగింది అన్నాడు నాతో, ఆమెతో కాదు. మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, భుజంతో తలుపుని ఎత్తిపట్టి, బోల్టు విప్పసాగాడు. బాల్కనీల్లోకి జనం వచ్చారు. కింద ఇంటాయన, ప్లాంట్‌లో ఫోర్‌మన్‌గా చేసేవాడు, కాఫీ మగ్గుతో గుమ్మంలో నిలబడ్డాడు. నాన్న చెంప ఆ ఎర్ర అక్షరానికి ఆనుకుని ఉంది. మధ్యలో తలెత్తి అందర్నీ ఒకసారి చూశాడు. అప్పుడు లేచి వచ్చెయ్యవచ్చు. రాలేదు. పని పూర్తి కావడానికి రెండు గంటలు పట్టింది. చివరికి తలుపు ఒక్క తోపుతో మెత్తగా పడింది. ఆ చప్పుడు విని నాన్న తలాడించాడు. హిరుమా టీచర్ ఆయనకి నడుం దాకా వంగి దండం పెట్టి, నా గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా, ట్రక్ ఎక్కి వెళ్ళిపోయారు.

నాన్న పైకి వచ్చి చేతులు కడుక్కుంటూ ఫారం సంగతి మళ్ళీ ఎత్తాడు. అప్పటిదాకా నోరు విప్పని అమ్మ అంది. "ఏవండీ, రెండు గంటలు ఆ తలుపు పట్టుకుని ఊరందరి ముందూ కూర్చున్నారు. ఇంకా దాచడానికేం మిగిలిందని సంతకం?" నాన్న తువ్వాలు అక్కడ పడేసి లోపలికెళ్ళాడు. ఫారం అడగడం మానేశాడు. ఆ తలుపు నిజంగానే ఇబ్బందిగా ఉండేదా అని తర్వాత టీచర్‌ని అడిగాను. "పదేళ్ళుగా అలాగే ఉంది. నాకు అలవాటైపోయింది" అన్నారు, రాయి మీంచి కళ్ళు తియ్యకుండా.

వసంతంలో స్కూల్ ఎగ్జిబిషన్. తల్లిదండ్రుల కమిటీ వచ్చి చూసి, నా రోలు వద్దన్నారు. అది వంటింటి సామాను, శిల్పం కాదట. అసలు ఈ ఏడు వాతావరణం బాగాలేదు కాబట్టి పోస్టర్ మీద టీచర్ పేరు కూడా వెయ్యకపోతే మంచిదేమో అని ప్రిన్సిపల్ మెల్లగా అన్నాడు. హిరుమా టీచర్ విన్నారు. సాయంత్రానికి రోలు హాల్ మధ్యలో, అన్నిటికంటే ఎత్తయిన పీఠం మీద ఉంది. పోస్టర్ల మీద ఆవిడ పేరు ఆవిడే చేత్తో, అంతకుముందు ఏడు ఉన్నదానికి రెట్టింపు అక్షరాలతో రాసేశారు.

అమ్మని ఆ రోజే మొదటిసారి స్కూల్‌కి తీసుకెళ్ళాను. ఎందుకో చెప్పకుండా కొబ్బరి, పచ్చిమిరపకాయలు, చింతపండు డబ్బాలో పెట్టి తెమ్మన్నాను. ఆకుపచ్చ పట్టుచీర మీద నాన్న పాత కోటు వేసుకుని హాల్లోకి వచ్చిన అమ్మ, ఆ పీఠం ముందు ఆగిపోయింది. నా అరచేతులు తిప్పి చూసింది. ఏడుస్తుందనుకున్నాను.

"రోలుని అంత ఎత్తున పెట్టారేంటే? ఎలా నూరతారు? దించమను" అంది.

టీచర్‌కి చెప్పాను. ఆవిడ అటువైపు, నేను ఇటువైపు పట్టి దించాం. అమ్మ కోటు విప్పి నాకిచ్చి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఆ పాలిష్ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. డబ్బా మూత తీసింది. రోటితో పాటు నేను చెక్కిన బండ పట్టుకుంది. వరండాలో గొంతెత్తి మాట్లాడని మా అమ్మ, సూట్లు వేసుకున్న అంతమంది మధ్య, పచ్చడి నూరడం మొదలుపెట్టింది. రాయి మీద రాయి చప్పుడు హాలంతా మోగింది. ప్రిన్సిపల్ వచ్చి, ఎగ్జిబిట్స్‌ని ముట్టుకోకూడదు మేడమ్ అన్నాడు. అమ్మకి అర్థం కాలేదు, అర్థమైనా ఆపేది కాదు.

"వాడకపోతే ఇది పూర్తి కాదు" అన్నారు హిరుమా టీచర్, అమ్మకీ ఆయనకీ మధ్య నిలబడి. "ఇప్పుడు పూర్తవుతోంది. పక్కకి జరగండి, వెలుతురు పడటం లేదు."

ఆయన జరిగాడు. అమ్మ నూరడం ఆపి, వేలితో గుంత లోపల తడిమి, నాతో అంది. "గుంత లోతు చాల్లేదే. అంచు కూడా నిటారుగా ఉంది, పైకి చిందుతోంది. ఇక్కడ కాస్త వాలు తియ్యాలి." నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. హిరుమా టీచర్ అమ్మ పక్కన నేల మీద కూర్చుని, తన వేలు కూడా అక్కడే పెట్టి తడిమి, జేబులోంచి పెన్సిల్ తీసి రాయి మీద గుర్తు పెట్టుకున్నారు. "టోక్యోలో, ఇక్కడ, ఎంతోమంది ప్రొఫెసర్లు నా పని చూశారు. ఇంత సరైన మాట ఎవరూ చెప్పలేదు, చెప్పు మీ అమ్మకి" అన్నారు. ఆ పచ్చడి బ్రెడ్ ముక్కల మీద రాసి అందరికీ పెట్టాం. కొందరు తిన్నారు, కొందరు తినలేదు. నాన్న గోడ దగ్గర నిలబడి తిన్నాడు. నాకు బహుమతి రాలేదు.

ఇదంతా చెబితే చివరికి అందరూ మారిపోయారని అనుకుంటారేమో. ఎవరూ మారలేదు. మరుసటి ఏడు రాతిదుమ్ము ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పి ఆ క్లాసే ఎత్తేశారు. హిరుమా టీచర్‌కి పోస్టర్ పెయింటింగ్ ఇచ్చారు. ఆవిడ అది చెబుతూనే శనివారాలు తన గరాజ్ తలుపు తెరిచి, ఎవరొస్తే వాళ్ళకి సుత్తులిచ్చారు, రిటైరయ్యాక కూడా. ఎనభై దాటాక చెక్కిన రాయి ఒకటి ఇప్పుడు ఇక్కడి పార్కులో ఉంది, పిల్లలు దాంట్లోంచి దూరి అవతలికి పోతుంటారు. ముట్టుకోవద్దన్న బోర్డు పెట్టబోతే ఆవిడే పీకేశారు. నాన్న సంగతి కూడా చెప్పాలి. అంత జాగ్రత్తగా, అంత తల వంచుకుని పనిచేసిన నాన్నని ఆ వేసవిలోనే ఉద్యోగంలోంచి తీసేశారు. తల ఎత్తినవాళ్ళనీ తీసేశారు, వంచినవాళ్ళనీ తీసేశారు, జాబితాలో ఆ తేడా ఏమీ లేదు. ఇర్వింగ్‌లో ఇంకో ఉద్యోగం దొరికి వాళ్ళు టెక్సస్ వెళ్ళిపోయారు, నేను ఇక్కడే ఆర్ట్ కాలేజీలో చేరాను. ఆడపిల్ల రాళ్ళు కొట్టుకుని ఏం బతుకుతుందని చుట్టాలు ఫోన్లు చేస్తే, ఆ టీచర్ దగ్గర నేర్చుకుంది, బతుకుతుంది అని ఫోన్ పెట్టేసింది నాన్నే.

ఇప్పుడు ట్రాయ్‌లో ఏ ఇండియన్ స్టోర్‌కి వెళ్ళినా రోళ్ళు వరసగా పేర్చి ఉంటాయి. తాలింపు వాసనకి ఎవరూ కోట్లు దాచుకోవడం లేదు. వీధికి నాలుగు తెలుగు ఇళ్ళు. అయినా ఈ మధ్య మా వాళ్ళ పార్టీల్లో కూర్చుంటే నాన్న పాత మాటలే వినిపిస్తున్నాయి, ముప్ఫై ఏళ్ళ పిల్లల నోళ్ళలోంచి. "ఆంటీ, టైమ్ బాలేదు. ఫేస్‌బుక్‌లో ఏమీ పెట్టకండి. బయట తెలుగులో మాట్లాడకపోవడం బెటర్. లో ప్రొఫైల్ మెయిన్‌టెయిన్ చేద్దాం." నేను వాళ్ళని తిట్టను. పిరికివాళ్ళని అనను, ఆ మాట ఒకసారి వెనక్కి తీసుకున్నదాన్ని.

నేను కమ్యూనిటీ కాలేజీలో రాతిపని నేర్పుతాను. ఈ సెమిస్టర్‌లో సాహితి అని కరీంనగర్ అమ్మాయి వచ్చింది, పక్క యూనివర్సిటీలో డేటా సైన్స్‌లో మాస్టర్స్ చేస్తూ, వారానికో రోజు సుత్తి పట్టుకోడానికి. మూడు నెలలు కూర్చుని సున్నపురాయిలో ఒక పాస్‌పోర్ట్ చెక్కింది. నిజం పాస్‌పోర్ట్‌కి నాలుగింతలుంటుంది. అంచున పుటలన్నీ కనిపిస్తాయి, ఒక్కటీ తెరుచుకోదు. నా క్లాసులో ఇన్నేళ్ళలో అంత మంచి పని రాలేదు. ఎగ్జిబిషన్‌కి రెండు రోజుల ముందు నా దగ్గరికి వచ్చి, కార్డు మీద పేరు వద్దంది.

"ఎవరన్న ఫొటో తీసి పెడితే ఎట్ల ఆంటీ? నాకింకా ఓపీటీ, పని చేసే పర్మిషన్ రావాలె, తర్వాత హెచ్‌వన్ వీసా ఉంది. మా అమ్మకు తెలిస్తే భయంతోనే సస్తది. అసలు తీసేద్దామా దాన్ని?"

నేను హిరుమా టీచర్ గురించి చెప్పాను. ట్రక్ గురించి, తలుపు గురించి. ఆ అమ్మాయి శ్రద్ధగా విన్నది. విని, మర్యాదగానే అంది.

"ఆంటీ, మీ టీచర్ సిటిజన్ కదా. మీరు కూడా. మీరు తెగించొచ్చు. నేను తెగిస్తే నన్ను పంపిస్తరు."

అది నిజం. ఆ రాత్రంతా కాదు గాని, ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళినంతసేపూ ఆలోచించాను. ఆ సోమవారం ప్రిన్సిపల్‌తో ట్రక్ నాది అన్న మనిషి, మా నాన్నని నువ్వూ పోరాడు అనలేదు. ఇంటికి వచ్చి, తలుపు బాగు చెయ్యమని మాత్రమే అడిగింది. ఎవరు ఎంత మొయ్యగలరో ఆవిడకి తెలుసు. మిగతా బరువు ఆవిడ మోసింది. సిటిజన్ కాగితాలు చేతికొచ్చినవాళ్ళు మెత్తగా, మంచిగా, కనపడకుండా బతకడానికి రాలేదు ఆ కాగితాలు.

శుక్రవారం ఎగ్జిబిషన్ మొదలైంది. రాతి పాస్‌పోర్ట్‌ని తలుపు తియ్యగానే ఎదురుగా కనిపించేచోట పెట్టాను. కార్డు మీద పేరు లేదు, విద్యార్థిని అని ఉంది. సాహితి దూరంగా, జనంలో, జ్యూస్ గ్లాసు పట్టుకుని ఎవరో కొత్త మనిషిలా నిలబడింది. నేను ఆ రాయి పక్కన ఒక కుర్చీ వేసుకుని, నా పేరున్న బ్యాడ్జ్ ఛాతీ మీద పెట్టుకుని, తలుపులు తీసిన దగ్గర్నుంచి మూసేదాకా కూర్చున్నాను. టై కట్టుకున్న ఒకాయన ముందుకీ వెనక్కీ తిరిగి చూసి, ఫోన్ తీసి రెండు ఫొటోలు కొట్టి, ఇది ఎవరు చేశారని అడిగాడు.

"ఏం అడగాలన్నా నన్ను అడగండి" అన్నాను.